కొండ దిగు సైకిలు

తెల్లవారుజామున పూర్ణా మార్కెట్టులోనికి వచ్చు బరువు సైకిళ్లను నిలువబడి చూచినవారికి ఒక సంగతి తెలియును. కూరల గోనెలు వెనుక క్యారియరుపై ఎత్తుగా కట్టి, హ్యాండిలుకు రెండు సంచులు వ్రేలాడదీసి, తాము ఎక్కుటకు చోటు లేనందున ప్రక్కన నడచుచు త్రోసికొనివచ్చువారు ఇప్పటికిని అక్కడక్కడ కానవచ్చుచుందురు. మిట్ట వచ్చినపుడు మనిషి ముందునకు వంగి త్రోయును. పల్లము వచ్చినపుడు త్రోయడు; మడమలు నేలకు తన్నిపెట్టి, సీటును వెనుకకు లాగుచు, బరువు తనను దాటిపోకుండ పట్టుకొనుచు దిగును. మిట్టలో అతనికి అలసటయే కాని భయము లేదు. పల్లములో అలసట లేదు, భయము కలదు.

గడచిన వేసవిలో మా అన్నగారి కుమారునికి ఈ భయము లేకపోయెను. వానికి పదునారేండ్లు. లావు టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగులు, చట్రము నడుమ ఎర్రని పెద్ద స్ప్రింగు, రెండు చక్రములకు డిస్కు బ్రేకులు గల సైకిలొకటి తండ్రిచేత కొనిపించుకొనెను. చట్రముపై మంచుకొండ బొమ్మ యొకటి కలదు. ఒక ఆదివారము ఉదయము దానిని త్రోసికొని కైలాసగిరి ఎక్కి, ఘాట్ రోడ్డు వెంట క్రిందికి వదలెను. సగము దిగునప్పటికి బ్రేకు మీట హ్యాండిలును తాకినను సైకిలు ఆగలేదు. గట్టు నెక్కి పడినందున లోయలో పడలేదు. భుజపుటెముక విరిగి ఆరు వారములు కట్టుతో ఉండెను.

ఆ సైకిలును పూర్ణా మార్కెట్టు ప్రక్క సందులో కూర్చుండు ఒక ముసలి మేస్త్రీ యొద్దకు నేనే కొనిపోయితిని. అతడు సీటును రెండు చేతులతో అదిమి వదలెను. అది నాలుగైదు మారులు ఎగిరెగిరి నిలిచెను. "ఏటి బాబూ, ఈ స్ప్రింగు సోకుకి ఎట్టినాడు. ఇది కొండ దిగే సైకిలు కాదు, కొండ బొమ్మున్న సైకిలు" అనెను.

అయినచో కొండ దిగు సైకిలు ఎట్లుండును? ఈ ప్రశ్న నన్ను కొన్ని నెలలు వదలలేదు. తెలిసికొన్నంత మేరకు మీ ముందుంచుచున్నాను.

అంగళ్లలో పర్వత సైకిళ్లని అమ్మబడునవి అన్నియు ఒక జాతివి కావు. కొండబాటలో ఎక్కుచు దిగుచు దూరము పోవుటకు తేలికయైన రకము కలదు. నడిమి రకములు కొన్ని కలవు. అన్నిటికి చివర, ఎక్కుట అను పనియే పెట్టుకొనని రకము ఒకటి కలదు. దానిని డౌన్‌హిల్ సైకిలు అందురు. వాహనముపైననో తీగమార్గముననో దానిని కొండ తలకు చేర్చి, రాళ్లు, చెట్లవేళ్లు, గోతులు, గట్లు నిండిన బాటలో క్రిందికి వదలుదురు. సైకిలనగా మనిషి కాలిబలమును వేగముగా మార్చు యంత్రమని మనము అనుకొందుము. ఇది దానికి తలక్రిందు. వేగమును కొండయే ఇచ్చును. దానిని ఎచట, ఎంత, ఏ విధముగ ఖర్చు చేయవలెనను లెక్కపై ఈ యంత్రము నిర్మింపబడినది.

ఆ లెక్క ఇంటిలోనివారికి తెలియునట్లు చెప్పవచ్చును. కైలాసగిరి సుమారు 173 మీటర్ల ఎత్తు. మనిషి, సైకిలు కలిసి 90 కిలోల బరువనుకొందము. ఆ బరువు 170 మీటర్లు క్రిందికి దిగినచో వెలువడు శక్తి సుమారు లక్షన్నర జౌళ్లు. ఆపునదేదియు లేక, గాలి కూడ అడ్డుపడక దిగినచో అడుగునకు వచ్చునప్పటికి వేగము గంటకు 200 కిలోమీటర్లు దాటును. మెల్లగా దిగి అడుగున ఆగవలెనన్నచో ఆ శక్తి అంతయు ఎచటనో వేడిగా మారి తీరవలెను. అర లీటరు చల్లని నీటిని పొయ్యిమీద పెట్టి తెర్లించుటకు ఎంత వేడి కావలెనో అది అంత వేడి. అరకు ఘాటులో 900 మీటర్లు దిగువానికి రెండున్నర లీటర్ల నీటిని తెర్లించునంత వేడి పుట్టును. కొంత భాగము గాలిని చీల్చుటకు, టైర్లు నలుగుటకు పోవును. మిగిలినదంతయు రెండు బ్రేకులు మ్రింగవలసినదే. సైకిలు బ్రేకు అనగా చిన్న పొయ్యి అనుకొన్న తప్పు లేదు.

డౌన్‌హిల్ క్రీడ పుట్టుకలోనే ఈ వేడి కథ ఉన్నది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్‌ఫ్రాన్సిస్కో పట్టణమునకు ఉత్తరమున, టామల్‌పయస్ అను కొండ కలదు. ఆ ప్రాంతమున 1970 తరువాతి సంవత్సరములలో కొందరు యువకులు పాతయినుము దుకాణములలో పడియున్న 1930, 40 నాటి లావు టైర్ల సైకిళ్లను ఏరి తెచ్చి, అడవి అధికారులు మంటలార్పుటకు వేసిన మట్టిదారుల వెంట క్రిందికి పోనిచ్చుచుండిరి. ఆ సైకిళ్లకు వెనుక హబ్బులోపలనే బ్రేకు. పెడలును వెనుకకు త్రొక్కినచో హబ్బులోని లోహపు ముక్కలు ఒరసికొని చక్రము ఆగును. ఆ దారి రెండు మైళ్లకు కొంచెము పైబడి పొడవు, 1,300 అడుగుల దిగుడు. అడుగునకు చేరునప్పటికి హబ్బులోని గ్రీజు కాలి పొగయై పోవుచుండెను. మరల హబ్బును విప్పి, తుడిచి, క్రొత్త గ్రీజు కూరిన గాని రెండవ మారు దిగుటకు వీలులేదు. మరల కూరుట అను అర్థమున ఆ దారికి రీప్యాక్ అను పేరే స్థిరపడెను. 1976 అక్టోబరు 21వ తేదీన అచట తొలి పందెము జరిగెను. చార్లీ కెల్లీ పందెములు నడపెను. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ మున్నగువారు అందు దిగిరి. వీరే తరువాత పర్వత సైకిలు పరిశ్రమకు మూలపురుషులైరి. 1977లో జో బ్రీజ్ ఈ పనికే ప్రత్యేకముగ చట్రము నిర్మించెను.

ఒక క్రీడాస్థలమునకు మాడిన గ్రీజువలన పేరు వచ్చుట నాకు మిక్కిలి నచ్చిన సంగతి. కారణము మరొకటి కూడ కలదు. డౌన్‌హిల్ సైకిలులో ఏ భాగమును చూచినను అది ఈ వేడికో, లేక ఎగిరిపోవు చక్రమునకో చెప్పిన సమాధానమే.

మొదట బ్రేకు. మన పెద్దలు వాడిన సైకిళ్లకు ఇనుప కడ్డీల బ్రేకులు. మీట నొక్కిన కడ్డీ పైకి లాగబడి రబ్బరు ముక్కలు రిమ్ము లోపలి అంచును తాకును. పొడిగా ఉన్నపుడు పని జరుగును. వాన పడినపుడు మెరుగుపూత గల ఉక్కు రిమ్ముపై తడి రబ్బరు జారును. శ్రావణమాసమున పల్లములో కాలిచెప్పును నేలకు రాపాడించి ఆగిన అనుభవము నా వయస్సువారికి ఉండియే ఉండును. అంతియేకాదు, రిమ్మును పట్టు బ్రేకుతో ఘాటులో విడువక నొక్కినచో ఆ వేడి రిమ్మునకెక్కి, లోపలి ట్యూబు మెత్తబడి పగులుటయు కలదు.

డౌన్‌హిల్ సైకిలులో బ్రేకు రిమ్మును వదలి చక్రము నడుమకు వచ్చినది. హబ్బునకు బిగించిన పలుచని ఉక్కు పళ్లెము చక్రముతోపాటు తిరుగును. సామాన్యపు సైకిలుకు ఈ పళ్లెము 160 మిల్లీమీటర్ల అడ్డుకొలత గలది. డౌన్‌హిల్ సైకిలుకు 200 మొదలు 220 వరకు ఉండును. పళ్లెము పెద్దదైనకొలది ఆపు బలము పెరుగును, వేడి పరచుకొనుటకు చోటు కూడ పెరుగును. పళ్లెమునకు ఇరువైపుల బ్రేకు దిమ్మెలు. వానిని నొక్కుటకు నాలుగు ముషలకములు. మీటకును ముషలకములకును నడుమ తీగ లేదు, నూనె కలదు. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ ఒత్తిడి అన్ని వైపులకు సమముగ పోవునని పాస్కల్ చెప్పిన సూత్రమే ఇందు పనిచేయుచున్నది. మీట వద్ద ముషలకము చిన్నది, పళ్లెము వద్ద పెద్దవి. కనుక ఒక్క వ్రేలితో నొక్కినను లోహము పట్టునంత బలము వచ్చును. దిమ్మె అరిగినకొలది ముషలకము తానే కొంచెము ముందునకు జరుగును.

మా వాని సైకిలుకును డిస్కులే ఉన్నవి గదా యని అడుగవచ్చును. ఉన్నవి. కాని నడుమ నూనెకు మారుగ ఉక్కు తీగ. తీగ సాగును, దిమ్మె అరుగును, రెండిటిని మనిషి మరతో బిగించుచుండవలెను. ఎవరును బిగించలేదు. డిస్కు అను పేరు చూచి కొనుట వేరు, డిస్కు పని చేయించుట వేరు.

నూనె బ్రేకుకు కూడ ఒక రోగము కలదు. మన సముద్రతీరపు వారు దీనిని కొంచెము శ్రద్ధగ వినవలెను. కొన్ని బ్రేకులలో ఖనిజతైలము వాడుదురు. కొన్నిటిలో మోటారు కార్లలో వలె డాట్ అను తరగతి ద్రవము వాడుదురు. ఈ రెండవది గాలిలోని తేమను పీల్చును. క్రొత్త డాట్ 4 ద్రవము కనీసము 230 డిగ్రీల వరకు మరగరాదని నిబంధన. తేమ పీల్చిన పిదప ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవును. దీర్ఘమైన దిగుడులో బ్రేకు వేడెక్కి ద్రవము మరిగినచో లోపల ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నలుగదు, ఆవిరి నలుగును. మీట మెత్తగా హ్యాండిలు వరకు వచ్చును గాని పళ్లెము చెంత బలముండదు. విశాఖవంటి తేమగాలి ఊళ్లలో ఈ ద్రవమును కాలానుగుణముగ మార్పించుట ముఖ్యము. ఒక జాతి నూనె పోయవలసిన బ్రేకులో మరియొక జాతి పోసినచో లోపలి రబ్బరు ముద్రలు చెడును. ఏ నూనె అన్నది సాధారణముగ మీట మీదనే ముద్రించి ఉండును.

ఇక ముందు ఫోర్కు, చట్రపు వంపు. ఇది చూచుటకు చిన్న విషయము, ప్రాణమును కాపాడు విషయము. హ్యాండిలు గొట్టము నేలతో చేయు కోణము రోడ్డు పందెపు సైకిలులో సుమారు 73 డిగ్రీలు. అనగా దాదాపు నిటారు. డౌన్‌హిల్ సైకిలులో 62 మొదలు 64 వరకు. చక్రము మనిషికి ముందు దూరముగ చాచియుండును. ఇప్పుడు ఈ రెండు సైకిళ్లను 20 డిగ్రీల వాలుమీద నిలుపుడు. మొదటిదాని గొట్టము 93 డిగ్రీలకు వచ్చి చక్రము చేతుల క్రిందికి మడిచినట్లగును. చిన్న రాయి తగిలినను మనిషి తలమీదుగ పడును. రెండవది 83 డిగ్రీలలో ఇంకను ముందునకు చాచియే ఉండును. ముందు బ్రేకు వేసినపుడు శరీరపు బరువంతయు ముందునకు తూలును గనుక చక్రము ఆ బరువుకు ముందుండుట అవసరము.

చిత్రమేమనగా, మన గోనెలు మోయు సాధారణపు సైకిలు గొట్టము కూడ పందెపు సైకిలుకన్న వాలుగనే ఉండును. గతుకుల బాటలకు, బరువులకు తగునట్లు ఆ కాలపు పనివారు దానిని చాచి కట్టిరి. కాలిఫోర్నియా యువకులు పాత సైకిళ్లను ఏరుకొనుటకు ఒక కారణము ఇదియే. జో బ్రీజ్ తన తొలి చట్రమునకు అట్టి పాత ష్విన్ సైకిలు కొలతలనే ఆధారముగ గైకొనెను. బరువు విషయమున కూడ పెద్ద తేడా లేదు. డౌన్‌హిల్ సైకిలు 15 మొదలు 18 కిలోలు. మన పాత కడ్డీబ్రేకుల సైకిలు సుమారు 20 కిలోలు. లక్షల రూపాయల యంత్రము మార్కెట్టు సైకిలుకు ఈ మాత్రము బంధువు.

ఆ ఫోర్కును కూడ ఒకమారు చూడవలెను. సామాన్యపు స్ప్రింగు ఫోర్కు కాళ్లు చక్రమునకు పైన ఒక్కచోట కలిసి, అచటినుండి ఒక్క గొట్టముగ చట్రపు మెడలోనికి పోవును. డౌన్‌హిల్ ఫోర్కు కాళ్లు మోటారు సైకిలుకు వలె మెడకు పైన నొకచోట, క్రింద నొకచోట బిగింపబడును. లోపలి గొట్టములు 38, 40 మిల్లీమీటర్ల లావు. చక్రము ఎనిమిది అంగుళములు, అనగా 200 మిల్లీమీటర్లు, పైకి పోయి రాగలదు. వెనుక చక్రము కూడ అంతే.

ఈ స్ప్రింగులు ఎందుకు? కూర్చున్నవానికి సుఖముగ నుండుటకని చాలమంది యూహ. సుఖము ఇందు ప్రసక్తికి రాదు. ఆ సైకిలుపై దిగువాడు అసలు కూర్చుండడు, పెడళ్లపై నిలిచియుండును. స్ప్రింగుల పని టైరును నేలమీద ఉంచుట. గాలిలో నున్న చక్రమును బ్రేకు ఎంత గట్టిగ పట్టినను సైకిలు ఆగదు, హ్యాండిలు ఎంత త్రిప్పినను మళ్లదు. రాయి తగిలినపుడు చక్రము పైకి పోవలెను, రాయి దాటగనే వెంటనే గుంటలోనికి దిగి నేలను తాకవలెను, మనిషి శరీరము మాత్రము కదలక సమముగ సాగవలెను.

స్ప్రింగు ఒక్కటియే ఈ పని చేయలేదు. నలిగిన స్ప్రింగు పుచ్చుకొన్న శక్తిని తిరిగి ఇచ్చివేయును. మేస్త్రీ అదిమిన సీటు ఎగిరినట్లు మనిషిని ఎగురవేయును. అందులకే నిజమైన షాకులో స్ప్రింగు వెంట ఒక నూనె గొట్టము కూడ ఉండును. ముషలకము కదలునపుడు నూనె సన్నని రంధ్రములగుండ దూరి పోవలెను. ఆ ఒరిపిడివలన కదలిక వేడిగా మారి అణగిపోవును. కొండ ఇచ్చిన శక్తిని ఖర్చు చేయుటలో ఇది బ్రేకుకు తోడి పనివాడు. నలుగుటకు ఎంత అడ్డు, తిరిగి లేచుటకు ఎంత అడ్డు అని రెండింటిని వేరు వేరుగ మరలతో సవరింపవచ్చును. మనిషి ఎక్కి నిలువగనే స్ప్రింగు తన నిడివిలో సుమారు మూడవవంతు దిగవలెను; అట్లు దిగియున్నపుడే చక్రము గుంటలోనికి చేయి చాచగలదు. స్ప్రింగుకు మారుగ గాలి నింపిన గదులు కూడ నేడు వాడుకలో ఉన్నవి.

చౌక సైకిళ్లలో లోపించునది ఈ నూనె గొట్టమే. పైకి కనబడు స్ప్రింగు ఉండును, లోన అణచు సాధనముండదు. స్ప్రింగు లేని సాదా ఫోర్కు దానికంటె మేలని నా అభిప్రాయము.

టైర్ల సంగతి త్వరగ చెప్పవచ్చును. రెండున్నర అంగుళముల వెడల్పు, లోతైన గుబ్బలు, మెత్తని రబ్బరు, రెండు పొరల దళసరి గుడ్డ. ట్యూబు ఉండదు, లోపల పోసిన రబ్బరుపాలు వంటి ద్రవము ముల్లు గ్రుచ్చుకొనిన రంధ్రమును తానే పూడ్చును. గాలి తక్కువగ నింపుదురు, ఏలయన మెత్తని టైరు రాతిని కౌగిలించుకొని పట్టును.

గొలుసు, పళ్లచక్రములు అన్నిటికన్న తక్కువ ముఖ్యమైనవి. ఊరి సైకిళ్లకు ఇరువదియొక్క గేర్లని ప్రకటించుకొనుచుండగా, ఈ యంత్రమునకు ఏడు గేర్లు చాలును. దీనికి 2015లో మంచి తార్కాణము దొరకినది. ఆస్ట్రియా దేశములోని లియోగాంగ్ అనుచోట జరిగిన ప్రపంచకప్పు పందెమున అమెరికా దేశపు ఆరన్ గ్విన్ గొలుసు బయలుదేరిన కొన్ని అడుగులలోనే తెగిపోయెను. అతడు పెడలు త్రొక్కలేక, కొండవాలును మాత్రమే నమ్ముకొని అడుగునకు వచ్చి అందరికన్న తక్కువ కాలములో గెలిచెను. అదే దిగుడులో బ్రేకు తెగియున్నచో అతడు మొదటి మలుపు దాటియుండడు.

ప్రపంచ స్థాయి పందెములు 1990లో కొలరాడో రాష్ట్రములోని డ్యురాంగోలో ఆరంభమైనవి. ఒలింపిక్సులో 1996 నుండి పర్వత సైకిలు ఉన్నది గాని అది ఎక్కి దిగు దూరపు పందెము; డౌన్‌హిల్ పందెమునకు అందు చోటు దొరకలేదు. మన దేశపు జాతీయ పర్వత సైకిలు పోటీలలో మాత్రము డౌన్‌హిల్ విభాగము కలదు.

తూర్పుకనుమల యొడిలో ఉన్న మన జిల్లాల పిల్లలకు కొండలు కావలసినన్ని కలవు, దిగుటకై ప్రత్యేకించిన బాటలు లేవు. కనుక వారు ఘాట్ రోడ్లపై దిగుదురు. ఆ రోడ్లపై బస్సులు ఎదురుగ వచ్చును. కొందరు భీమునిపట్నము దారిలోని ఎర్రమట్టి దిబ్బలను చూచి ఆశపడుదురు. ఆ దిబ్బలు వేల సంవత్సరములుగ పేరుకొనిన మెత్తని ఇసుకమన్ను, వానపాయకే కరగునవి. అచట చక్రపుగాడి పడరాదు.

ఘాటులో దిగక తప్పని వారికి, ఏ సైకిలైనను, పద్ధతి ఒక్కటి. బ్రేకును మెల్లగ పట్టుకొని దిగువరకు విడువకుండుట తప్పు. వేడి చల్లారుటకు సందు దొరకదు. మలుపునకు ముందు రెండు బ్రేకులు కలిపి గట్టిగ వేసి వేగము తగ్గించి, పిమ్మట వదలి, మరల వేయవలెను. అప్పుడప్పుడు ఆగి నిలువవలెను. ఆగినపుడు పళ్లెమును వ్రేలితో తాకరాదు. చర్మము అంటుకొనును, చేతి జిడ్డు దానికంటి పట్టు తగ్గును.

పిల్లలకు అట్టి సైకిలు కొనదలచిన తల్లిదండ్రులు అంగడిలోనే కొన్ని చూడవచ్చును. సీటును గట్టిగ అదిమి వదలవలెను. ఒక్కమారు మెల్లగ లేచి నిలిచినచో లోపల నూనె కలదు, ఎగిరెగిరి పడినచో లేదు. బ్రేకు మీటనుండి చక్రము వరకు పోవునది తీగయో నూనెగొట్టమో అడుగవలెను. సైకిలుతో ఇచ్చు పుస్తకములో దాని వాడుక తరగతి వెదకవలెను; అమెరికా దేశపు ఎ.ఎస్.టి.ఎమ్. ప్రమాణము ననుసరించువారు 1 మొదలు 5 వరకు అంకెలు వేయుదురు. 1 అనగా చదునైన రోడ్డు, 5 అనగా డౌన్‌హిల్. కొన్నిటి చట్రముపైననే బాట విడిచి వాడరాదని చిన్న అక్షరములతో అంటించియుందురు. బొమ్మ పెద్దది, అక్షరములు చిన్నవి.

మా అన్నగారి ఇంటి సైకిలు చట్రముపై ఆ కాగితము సీటు గొట్టము వెనుక నున్నది. మేస్త్రీ మసిగుడ్డతో తుడిచినపుడు కనబడెను.